రోటరీ టేబుల్‌కి పెళ్లిచూపులు

గంగాధరరావు గారు జీవితంలో ఏ వస్తువునీ కొనలేదు. అన్నిటికీ పెళ్లిచూపులు చూశారంతే. గుండుసూదైనా, గూడ్సుబండైనా ఆయనకి ఒకటే పద్ధతి. ముందు కబురు పంపాలి. ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాలి. వస్తువు పుట్టుపూర్వోత్తరాలు అడగాలి. దాన్ని ముందుకి నడిపించాలి, వెనక్కి నడిపించాలి. ఇచ్చిన టీ తాగాలి. చివరికి లేచి, చొక్కా కిందికి లాక్కుని, "ఇంటికెళ్లి కబురు పెడతామండీ" అనాలి. ఆ కబురు కోసం ఎదురుచూసి ఎదురుచూసి ఏలూరు మెయిన్ బజారులో ముసలివైపోయిన గొడుగులున్నాయి.

గొడుగంటే గుర్తొచ్చింది. ఒక ఏడాది మృగశిర కార్తెలో ఆయన గొడుగు సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. ఒక గొడుగు చూపులకి బాగుంది గానీ స్వభావం దుడుకు, బటన్ నొక్కగానే మీదికొచ్చింది. ఇంకొకటి నెమ్మదే గానీ మనసులో ఏదో పెట్టుకుంది, తెరిస్తే కిర్రుమంటోంది. ఇలా చూస్తుండగానే స్వాతి కార్తె వెళ్లిపోయింది, వానలు వెనకబట్టాయి, పొద్దున్నే మంచు కూడా మొదలైంది. అప్పుడు ఆయనకి గొడుగు నచ్చింది. ఇప్పుడెందుకండీ అని భార్య రత్నమాల అడిగితే, ఎండాకాలం రాకుండా పోతుందా అన్నారట. వాళ్లింటికి ఫ్రిజ్ వచ్చేసరికి, ఆ వీధిలో అందరికంటే ముందు కొన్నవాళ్లు పాత ఫ్రిజ్‌లో బియ్యం పోసుకుంటున్నారు.

"ఇన్నిటిలో ఒక్క చూపుకే ఖాయమైంది నేనేనండీ," అని రత్నమాల ఇంటికొచ్చినవాళ్లకల్లా చెబుతుంది. "నా గొప్పేం కాదు. వెనక్కి కూడా నడిపించి చూస్తానని ఈయన అడిగేలోపలే మా నాన్నగారు తాంబూలాలు చేతిలో పెట్టేశారు."

గంగాధరరావు గారి దగ్గర పనిచేసే నెల్సన్ వాళ్ల చర్చికి మైకు సెట్టు కావలసి వచ్చినప్పుడు, మిషన్ల సంగతి తెలిసిన పెద్దమనిషి గదా అని కమిటీవాళ్లు రావుగారి సాయం అడిగారు. ఆయన పేరు చెప్పిన పాపం నెల్సన్‌దే. ఒక క్రిస్మస్ వెళ్లింది. ఇంకో క్రిస్మస్ కూడా వెళ్లింది. పాస్టరుగారు వట్టి గొంతుతోనే వాక్యం చెప్పి చెప్పి, మైకు ఖాయమయ్యే నాటికి ఆయన మాట రైలు గేటు దాకా వినిపించడం మొదలైంది. తీరా మైకు పెట్టిన రోజున ముందు వరుసలోవాళ్లు లేచి వెనక్కి వెళ్లి కూర్చున్నారు.

నెల్సన్ రావుగారి వర్కుషాపులో మిల్లింగ్ మిషను మీద పనిచేసేవాడు. పవర్‌పేట స్టేషనుకి దగ్గర్లో రేకుల షెడ్డు. రెండు లేతులు, ఒక డ్రిల్లింగ్ మిషను, తిరిగే కటరుతో ఇనుముని చెక్కే మిల్లింగ్ మిషను ఒకటి. మీసాలు రాని రోజుల్లో నెల్సన్ అందులో చేరాడు. ఇప్పుడా మీసాల్లో తెలుపు కనబడుతోంది. షెడ్డంతా రావుగారిదే అయినా మిల్లింగ్ మిషను జోలికి ఆయన వెళ్లేవారు కాదు. అది నెల్సన్ కాపరమనీ, తలుపు తట్టి వెళ్లాలనీ అనేవారు.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేసిన మరుసటి ఏడాది ఆ కాపరం చెదిరిపోయింది. నెల్సన్ ముదినేపల్లిలో ఎవరిదో పంపు చూసి మోపెడ్ మీద తిరిగొస్తున్నాడు. కైకలూరు దాటాక, ముందు వెళ్తున్న చేపల లారీలోంచి ఐసు నీళ్లు కారి రోడ్డు సబ్బు రాసినట్టుంది. ఆ దారిన తిరిగేవాళ్లందరికీ తెలిసిన సంగతే. తెలిసినా జారేవాళ్లు జారుతూనే ఉంటారు. నెల్సన్‌కి ఎముకలైతే అతుక్కున్నాయి గానీ కుడిచేతి వేళ్లు మళ్లీ మడతపడలేదు. ఎవరికో ఏదో ఇవ్వబోయి ఆగిపోయినట్టు చాపుకునే ఉండిపోయాయి.

రావుగారు అతన్ని పని మానమనలేదు. ఫోను ఎత్తడం, బోల్టులు వేరుచెయ్యడం, వచ్చినవాళ్లని కూర్చోబెట్టడం అప్పజెప్పారు. నెల్సన్ రోజూ వస్తూనే మిల్లింగ్ మిషను మీది గుడ్డ తీసి, ఎడమచేత్తో తుడిచి, నూనె రాసి, మళ్లీ గుడ్డ కప్పేవాడు. దాని మీద పని జరిగితే గదా మురికి పట్టడానికి. అయినా తుడిచేవాడు. కటరు ఇనుములోకి దిగేటప్పుడు మొదట గరగరలాడుతుంది, తర్వాత గొంతు సర్దుకుని ఒకే శ్రుతిలో పడుతుంది. ఆ శ్రుతికి అతను మొహం వాచిపోయాడు. వేడికి నీలంగా మారి ఎగిరిపడే ఇనప తునకలకీ, కాలిన నూనె వాసనకీ కూడా. ఇంటికెళ్లి అన్నానికి కూర్చుంటే, గిన్నె మీది మూతని ఎడమచేత్తో కొద్దికొద్దిగా తిప్పుతూ ఉండిపోయేవాడు, మిషను మీది కొలతల్లో గీతకి గీత కలిపి నిలబెడుతున్నట్టు. భార్య హన్నమ్మ చూసీ చూడనట్టు ఊరుకునేది. కూర చల్లారిపోయేది.

సరిగ్గా అలాంటప్పుడు రావుగారికి పెద్ద రోటరీ టేబుల్ మీద మనసు పడింది.

రోటరీ టేబుల్ చూడనివాళ్లకి చెప్పాలంటే, అది తిరగలికి చదువుకున్న చెల్లెలు. కింద కదలని ఇనప పీట, పైన గుండ్రంగా తిరిగే పళ్లెం, పక్కన హ్యాండిల్, తిరిగిన చోట కదలకుండా బిగించే లాకు. తిరగలి గబగబా తిరిగితే మేలు. ఇది ఎంత నెమ్మదిగా తిరిగితే అంత మేలు. హ్యాండిల్ ఒక చుట్టంతా తిప్పితే పైన పళ్లెం నాలుగంటే నాలుగు డిగ్రీలు కదులుతుంది. దీన్ని మిల్లింగ్ మిషను మీద బిగించి, పైన చక్రాన్ని పెట్టుకుంటే, చుట్టూ సమదూరంలో చిల్లులు వెయ్యొచ్చు, గుండ్రటి గాడి తియ్యొచ్చు. షెడ్డులో ఉన్న టేబుల్ దోసె పెనమంత. తాడేపల్లిగూడెం రైసుమిల్లులవాళ్లు తెచ్చే చక్రాలు దాని మీద పెడితే, ముక్కాలి పీట మీద ఏనుగు కూర్చున్నట్టుండేది. అందుకని పెద్ద పనులన్నీ షెడ్డు గుమ్మంలోంచే బెజవాడ వెళ్లిపోతున్నాయి.

పెద్ద టేబుల్ మాట వినగానే నెల్సన్‌కి గుండె ఝల్లుమంది. సంతోషం వల్లే, కానీ ఆ వెనకాలే భయం వచ్చింది. టేబుల్ వస్తే దాన్ని నడిపేవాడూ రావాలి. ఆ వచ్చేవాడు తను కాదు. ఇవాళ గుడ్డ కప్పుకుని పడుకున్న మిషను రేపు ఇంకొకడి చేతికింద పాడుతుంటే, తను ఇవతల కూర్చుని ఫోను ఎత్తాలి.

చూపులు మొదలయ్యాయి. ప్రతి ఆదివారం చర్చి గేటు ముందు స్కూటర్ మీద ఇస్త్రీ చొక్కాతో రావుగారు ప్రత్యక్షం. లోపల దీవెన ప్రార్థన అయి ఆమేన్ అనగానే బయట కిక్కు కొట్టేవారు. నెల్సన్‌ని వెంట తీసుకెళ్లాల్సిందే. మధ్యవర్తి లేకుండా చూపులేమిటని ఆయన వాదన.

మొదటి సంబంధం బెజవాడ ఆటోనగర్‌లో. టేబుల్ వెన్నపూస. హ్యాండిల్ ముందుకి తిప్పి, ఆగి, వెనక్కి తిప్పితే ఎక్కడా ఖాళీగా తిరగలేదు, వెంటనే పళ్లెం కదిలింది. అలా ఉండటమే ఈ జాతికి శీలం. రావుగారు ఎగాదిగా చూసి, పిల్ల పొడుగన్నారు. నిజమే. పీట ఎత్తు ఎక్కువైతే కటరు కింద పని పెట్టుకోవడానికి చోటు మిగలదు. నెల్సన్ కూడా తలూపాడు.

రెండోది ఏలూరులోనే, మూసేసిన ఒక లేతు షాపులో. అది ముందుకి తిప్పితే మహా పతివ్రత. వెనక్కి తిప్పితే మాత్రం హ్యాండిల్ పావుచుట్టు వట్టినే తిరిగాక గానీ పళ్లేనికి కబురు అందడం లేదు. దీనికి ఇంటి ధ్యాస లేదన్నారు రావుగారు. అదీ నిజమే.

మూడోది రాజమండ్రిలో. పొడుగు లేదు, లూజు లేదు, వయసు మళ్లలేదు. నెల్సన్ ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. రావుగారు చాలాసేపు దాని చుట్టూ తిరిగి, లేచి, చొక్కా కిందికి లాక్కుని, ఇంటికెళ్లి కబురు పెడతామన్నారు. తిరిగొచ్చేటప్పుడు రైల్లో నెల్సన్ ఉండబట్టలేక ఏం తక్కువైందండీ అని అడిగాడు.

"రంగోయ్."

"రంగా అండీ?"

"ఆకుపచ్చ. మన షెడ్డుకి నప్పదు."

షెడ్డులో ఏ మిషనుకీ రంగన్నది మిగిలి లేదు. నెల్సన్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఈ చూపుల్లో రావుగారికి కొత్త అలవాటు ఒకటి పట్టుకుంది. పూర్వం టీ చివర్లో తాగేవారు. ఇప్పుడు వెళ్తూనే అడిగి పుచ్చుకుని, గ్లాసు కుడిచేత్తో పట్టుకుని, ఎడమచేత్తో టేబుల్‌ని పరీక్ష చేస్తున్నారు. తాగరు. టీ మీద మీగడ కడుతుంది, ఈగ వచ్చి చూసి వెళ్తుంది, ఆయన మాత్రం గ్లాసు దించరు. కుడిచేత్తో టీ మోస్తూ, ఎడమచేత్తో హ్యాండిల్ తిప్పి, దాన్ని వదిలి లాకు మీదికి వెళ్లి, మళ్లీ హ్యాండిల్ దగ్గరికి వచ్చి, ఒక్కోసారి మోకాలు కూడా ఎత్తి అడ్డం పెట్టేవారు. చూసేవాళ్లకి అది మిషను పరీక్షో, కోలాటమో అర్థమయ్యేది కాదు. వయసు పైబడుతోందిలే అనుకునేవారు.

నెల్సన్‌కి అది కాదు గుచ్చుకున్నది. ఇన్ని ఊళ్లు తిప్పినా రావుగారు ఒక్కసారి కూడా, నువ్వు తిప్పి చూడవోయ్ అనలేదు. ఇదివరకు ఇనుము కొన్నా, కటరు కొన్నా ముందు అతని చేతికే ఇచ్చేవారు. ఇప్పుడు పక్కన నిలబెట్టుకుంటున్నారు గానీ ముట్టుకోమనడం లేదు. ఎదురుగా ఆ నున్నటి పళ్లెం, చుట్టూ డిగ్రీల గీతలు. ఎడమచెయ్యి దానంతటదే లేవబోయేది. నెల్సన్ దాన్ని జేబులో పెట్టుకునేవాడు.

ఈ సంగతి విని హన్నమ్మ తమ్ముడు జీవన్ ఒకటే మాటన్నాడు. రావుగారికి టేబుల్ కొనే ఉద్దేశమూ లేదు, కొన్నా బావని నిలబెట్టే ఉద్దేశమూ లేదు, మర్యాదస్తుడు గనక మెల్లగా వదిలించుకుంటున్నాడని. జీవన్ వట్లూరులో ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తా. కాలేజీ గేటు దగ్గర మనిషి కావాలి. కుర్చీ, నీడ, పైన ఫ్యాను. వచ్చేపోయేవాళ్లని చూస్తూ కూర్చోవడమే. సెలవులయ్యి కాలేజీ తెరిచేలోపల మాట ఇవ్వాలన్నాడు. హన్నమ్మ ఔననీ కాదనీ అనలేదు. "అక్కడ తుడవటానికి ఏమీ ఉండదేమోనండీ," అంది. నెల్సన్ కాలేజీ తెరిచే ముందటి ఆదివారం దాకా చూసి, ఆ మర్నాడు చేరిపోదామని అనుకున్నాడు.

ఆ ఆదివారం చూపులు తాడేపల్లిగూడెంలో, మల్లేశ్వరరావు షెడ్డులో. మల్లేశ్వరరావు పాత మిషన్ల వ్యాపారి. రావుగారు ఇదివరకే ఇక్కడ చాలా సంబంధాలు చూసి ఉండటం వల్ల ఆయన్ని చూడగానే ఆ షెడ్డు కుక్క కూడా లేచి చోటిచ్చేది. పాసింజరు బండి భీమడోలు, పుల్ల దాటుతోంది. నెల్సన్ రేపట్నుంచి రానని ఎలా చెప్పాలో వరసలు కట్టుకుంటున్నాడు. రావుగారు మాత్రం టేబుల్ ఎవరి చేతికింద పెరిగిందో, ఇదివరకు ఏం పని చేసిందో ఊహిస్తూ కూర్చున్నారు.

గోనెపట్టా తీయగానే నెల్సన్ ఒకడుగు ముందుకి వేశాడు. పదహారంగుళాల పళ్లెం. మరీ పెద్దదయితే మిల్లింగ్ మిషను బల్ల దాటి బయటికి వేలాడుతుంది, ఇది సరిగ్గా సరిపోతుంది. పీట పొట్టిది. గీతలు ఒక్కటి కూడా చెరగలేదు. ఎక్కడో మూతబడిన ఫ్యాక్టరీలో, దాన్ని ప్రేమగా చూసుకున్నవాడెవడో ఉన్నాడు.

"ఇదిగోండి రావుగారూ," అన్నాడు మల్లేశ్వరరావు. "దీనికి కూడా వంక పెడితే, నేను ఈ వ్యాపారం మానేసి బెల్లం అమ్ముకుంటాను."

టీ వచ్చింది. గ్లాసు కుడిచేతిలోకి వెళ్లింది. ఎడమచెయ్యి పనిలోకి దిగింది. ముందుకి తిప్పారు, వెనక్కి తిప్పారు. పిల్లికూన తల తిప్పినంత మెత్తగా పళ్లెం తిరిగింది. ఇక లాకులు. ఈ టేబుల్‌కి అటొకటి ఇటొకటి రెండు లాకులున్నాయి. కొలత సరిపోయాక ఒక చేత్తో హ్యాండిల్ కదలకుండా ఆపుకుని, ఇంకో చేత్తో లాకు బిగించాలి. లేకపోతే బిగించే ఊపుకి పళ్లెం వెంట్రుకవాసి జరుగుతుంది, ఆ వెంట్రుకవాసే చక్రం దగ్గరికొచ్చేసరికి దూలమవుతుంది. రావుగారు హ్యాండిల్ వదిలి లాకు పట్టుకున్నారు, కుదరలేదు. పొట్టతో హ్యాండిల్‌ని ఆపి, వంగి, లాకు అందుకోబోయారు. గ్లాసు ఒరిగింది. ఇస్త్రీ చొక్కా మీద టీ కాలవ కట్టింది.

మల్లేశ్వరరావు పరుగెత్తుకొచ్చాడు. "ఆ గ్లాసు ఇలా ఇవ్వండి, నేను పట్టుకుంటాను."

"వద్దండీ."

"పోనీ కింద పెట్టండి."

"పెడితే చెయ్యి ఖాళీ అవుతుందండీ."

"అయితే?"

"సాయానికి వచ్చేస్తుంది."

మల్లేశ్వరరావు ఆయన్నీ గ్లాసునీ మార్చి మార్చి చూశాడు. "మీ చెయ్యి మీ సాయానికి రాకూడదా అండీ?"

రావుగారు ఆగిపోయారు. నెల్సన్ వైపు చూడకుండా ఉండటానికి గ్లాసులోకి చూశారు. అందులో ఏమీ మిగల్లేదు. "నడిపేవాడికి ఆ సాయం ఉండదు కదండీ," అన్నారు నెమ్మదిగా.

నెల్సన్‌కి ముందు రాజమండ్రి టేబుల్ గుర్తొచ్చింది. దాని లాకు ఆవలి పక్కన ఉంది. వంగి, రెండో చెయ్యి చాపితే గానీ అందదు. ఆకుపచ్చ రంగు వల్ల కాదన్నమాట. తాగని టీలన్నీ గుర్తొచ్చాయి. ఇన్ని ఆదివారాలు ఈ మనిషి తన కుడిచేతిని తాను నమ్మక, అది మధ్యలో వచ్చి మోసం చేస్తుందేమోనని దానికి గ్లాసు ఇచ్చి కూర్చోబెట్టాడు. పక్కన నెల్సన్‌ని నిలబెట్టుకుని, నెల్సన్ కోసం, నెల్సన్‌లా తిప్పి చూశాడు.

ఏడవాలో ఏం చెయ్యాలో తెలియలేదు. చివరికి అతనికి కోపమొచ్చింది.

"రావుగారండీ, నా కుడిచెయ్యి మొత్తానికే లేదనుకున్నారా?"

"నేనేమీ అనుకోలేదోయ్."

"వేళ్లొక్కటే మడతపడవండీ. మణికట్టు ఉంది, మోచెయ్యి ఉంది. బియ్యం బస్తా భుజాన వేసుకుంటున్నాను. మీరు చెయ్యే లేనివాడికి టేబుల్ వెతుకుతుంటే ఎక్కడ దొరుకుతుందండీ?"

"ఎంత మేరకి పనిచేస్తుందో నాకేం తెలుసు?"

"అడగొచ్చు కదండీ."

"ఎలా అడగమంటావు?" అన్నారు రావుగారు. ఆయన గొంతు పెద్దది కాలేదు, చిన్నదైంది. "పొద్దున్నే వచ్చి ఆ మిషను తుడుస్తుంటావు. అన్నం తిన్నావా అని అడుగుతాను. మీ పాప పరీక్షలు ఎలా రాసిందని అడుగుతాను. చెయ్యి ఎంత మిగిలిందోయ్ అని అడగటానికి నాకు నోరు రాలేదు. ముట్టుకోమని చెప్పి, అది కుదరకపోతే, నీ మొహం ఎలా చూడను?"

గుండుసూదిని కూడా వంశం అడిగే మనిషి, అడగవలసిన ఒక్క ప్రశ్న అడగలేక నాలుగు ఊళ్లు తిరిగాడు.

మల్లేశ్వరరావుకి మాత్రం వేరే బాధ మొదలైంది. "అంటే ఇన్నాళ్లూ నా సరుకులో లోపమేమీ లేదన్నమాట."

"మీ సరుకు బంగారమండీ."

"పోయిన నెల చూపించినదానికి మొహాన కళ లేదన్నారు."

"దానికి నిజంగానే లేదండీ."

నెల్సన్ ఎడమచేతిని జేబులోంచి తీశాడు. టేబుల్ చుట్టూ ఒకసారి నడిచాడు. హ్యాండిల్ మీద చెయ్యి వేసే ముందు కాసేపు ఊరికే పళ్లెం మీద అరచెయ్యి ఆనించాడు. చల్లగా ఉంది. తర్వాత తిప్పాడు. తిప్పుతూనే మాట్లాడటం మొదలుపెట్టాడు, ప్రమాదం తర్వాత అతను అన్ని మాటలు మాట్లాడింది అప్పుడే. టేబుల్‌ని మిషను మీద పావుచుట్టు మళ్లించి బిగిస్తే హ్యాండిల్ ఎడమపక్కకి వస్తుంది. ఇవతలి లాకుకి జానెడు ఇనప గొట్టం తొడిగితే పట్టుకోవలసిన పనే లేదు, ముంజేత్తో నెడితే బిగుస్తుంది. అవతలి లాకు ముందే కొంచెం బిగువుగా వదిలేస్తే పళ్లెం బరువుగా తిరుగుతుంది, అదీ మంచిదే, జారిపోదు. మల్లేశ్వరరావు మూలనున్న గొట్టం ముక్క తెచ్చి లాకుకి తొడిగాడు. నెల్సన్ ఎడమచేత్తో హ్యాండిల్ ఆపి, కుడి ముంజేత్తో గొట్టాన్ని నెట్టాడు. టక్కుమంది. గీత మీది గీత కదల్లేదు.

"మళ్లీ," అన్నారు రావుగారు.

మళ్లీ చేశాడు.

"వెనక్కి తిప్పి."

వెనక్కి తిప్పి చేశాడు. రావుగారు గ్లాసు కింద పెట్టారు. చొక్కా కిందికి లాక్కున్నారు. మల్లేశ్వరరావు కళ్లు మూసుకున్నాడు.

"ఇంటికి తీసుకెళ్తామండీ," అన్నారు రావుగారు.

ఆ తర్వాత జరిగిన అప్పగింతలు గూడెంలో చాలాకాలం చెప్పుకున్నారు. టేబుల్ బరువు రెండు బస్తాల ధాన్యానికి పైమాటే. దాన్ని గొలుసుతో పైకి లేపి చిన్న లారీలోకి దించుతుంటే, కింద నిలబడకండయ్యా అని అందరినీ తరిమిన రావుగారు తాను మాత్రం కిందే నిలబడ్డారు. లారీలో కింద వరిగడ్డి పరిపించారు, దాని మీద గోనెలు, గోనెల మీద టేబుల్. డ్రైవరు పక్కన కూర్చోమంటే వినక వెనకే ఎక్కి, ఏలూరు దాకా టేబుల్ మీద చెయ్యి వేసుకుని కూర్చున్నారు. పెంటపాడు నుంచి వస్తున్నవాళ్లెవరో ఎదురై, ఎవరికి బాగాలేదండీ అని అడిగారట.

షెడ్డులో పెత్తనం నెల్సన్‌ది. గొలుసుకి వేలాడుతున్న టేబుల్‌ని అలాగే గాల్లో ఉంచి, మిషను బల్లనీ టేబుల్ అడుగునీ అరచేత్తో తడిమి తడిమి తుడిచాడు. ఇసక రేణువంత తునక కింద ఉండిపోయినా పైన వేసే చిల్లు పక్కచూపులు చూస్తుంది. దించాక బోల్టులు వేళ్లతో బిగించినంత మాత్రం బిగించి, వెంట్రుకవాసి తేడా కూడా చూపించే డయల్ గేజి పెట్టి, పళ్లేన్ని మెల్లగా తిప్పాడు. గేజిలో ముల్లు వణికింది. ఇత్తడి సుత్తితో చిన్నగా తట్టాడు. మళ్లీ తిప్పాడు. ముల్లు వణకడం తగ్గింది. ఇంకాస్త తట్టాడు. ముల్లు నిద్రపోయింది. అప్పుడు బోల్టులు గట్టిగా బిగించమన్నాడు.

రైసుమిల్లు చక్రం ఎక్కించారు. రావుగారికి అప్పుడే బయట ఏదో పని తోచింది. షెడ్డు గుమ్మంలో వీపు ఇటుపెట్టి, రోడ్డు మీద ఎవరూ లేకపోయినా ఎవరి కోసమో చూస్తున్నట్టు నిలబడ్డారు. లోపల మోటారు లేచింది. కటరు ఇనుముని తాకి గరగరలాడింది. కాసేపు ఆ గరగరే. తర్వాత గొంతు సర్దుకుంది. ఒకే శ్రుతి, సన్నగా, ఎక్కడా తెగకుండా. రావుగారి భుజాలు కిందికి దిగాయి. ఆయన వెనక్కి తిరగలేదు.

మర్నాడు నెల్సన్ జీవన్‌కి ఫోను చేసి, ఆ కుర్చీ కూర్చోవాలని ఉన్నవాడెవడికైనా ఇప్పించమన్నాడు.

ఇంతటితో కథ అయిపోవాలి. కానీ తర్వాతి ఆదివారం నెల్సన్ చర్చిలోంచి బయటికొచ్చేసరికి గేటు ముందు స్కూటర్ లేదు. లేకపోవడమే సహజం. చూడవలసిన సంబంధమేదీ లేదు. అయినా ఆ ఖాళీ చోటు చూస్తే ఎలాగో అనిపించింది. పనేదో ఉన్నట్టు రావుగారింటికి వెళ్లాడు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, వీధి అరుగు మీద పేపరు తిరగేసి పట్టుకుని కూర్చున్నారు. రత్నమాల గుమ్మంలో నిలబడి, పొద్దుట్నుంచీ ఇదే వరసనీ, వంటింట్లోకొచ్చి పప్పుగుత్తిని కూడా రెండు వైపులా తిప్పి చూసి వెళ్లారనీ చెప్పింది.

నెల్సన్ అరుగు మీద ఓ పక్కగా కూర్చున్నాడు.

"రావుగారండీ, మిషను మీద తునకలు ఊదడానికి గాలి కంప్రెసరు ఒకటి ఉంటే బాగుంటుందండీ."

తునకలు తుడవడానికి బ్రష్షుంది. ఇన్నేళ్లూ దానితోనే తుడిచాడు. ఆ సంగతి రావుగారికీ తెలుసు. ఆయన పేపరు మడిచారు.

"ఎంతటిదంటావు?"

"అది చూస్తే గానీ చెప్పలేమండీ. భీమవరంలో ఒకటుందిట. కాకినాడలో కూడా ఉన్నాయంటున్నారు."

రావుగారు అప్పటికే లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. స్కూటర్ తాళం కోసం ఆయన లోపలికెళ్లగానే రత్నమాల ఒకడుగు ముందుకొచ్చి, గొంతు తగ్గించి, "త్వరగా నచ్చేది దొరక్కుండా చూడు నాయనా," అంది.